తడి ఆరకముందే నూనె

మోచేతి మడతలో, మోకాలి వెనక చర్మం పొడిబారి, ఎర్రబడి, రాత్రిళ్లు నిద్రపోనివ్వని దురద. ఇలాంటి ఎగ్జిమాలో చర్మం తేమను పట్టి ఉంచుకోలేదు. ముందు ఆ తేమను కాపాడాలి.

వర్జిన్ కొబ్బరినూనె ఇందుకు బాగా పనికొస్తుంది. చర్మం మీద చేరే స్టాఫిలోకాకస్ అనే క్రిములనూ తగ్గిస్తుంది. స్నానం కాగానే ఒళ్లు రుద్దకుండా తువ్వాలుతో అద్ది, తడి ఆరకముందే రాయండి. మెత్తగా పొడిచేసిన ఓట్స్ గోరువెచ్చని నీళ్లలో కలిపి స్నానం చేసినా దురద నెమ్మదిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2003లో ఈ పొడిని చర్మరక్షకంగా గుర్తించింది.

మరి వేపాకు ముద్ద? పగిలిన చర్మానికి మాత్రం పూయకండి, దయచేసి. మంట పెరగొచ్చు.

మళ్లీ చెబుతున్నాను: తడి ఆరకముందే నూనె. డాక్టరు రాసిన పూతమందు మానొద్దు. రసి కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించండి.