వాగులో దొరికిన రాయి ఏమిటో తెలుసుకోవడం ఎలా?

(సంఘ వార్షిక సమావేశంలో మన సభ్యులు, భూగర్భ శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మనవడు వాగులోంచి మెరిసే రాయి తెచ్చి "తాతయ్యా, ఇది వజ్రమా?" అని అడిగితే ఏం చెబుతారు? తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాల్లోనూ, అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ జనం చేలల్లో వజ్రాలు వెదుకుతారు. నిజంగానే దొరుకుతాయి కూడా. కాని మెరిసే రాళ్లలో ఎక్కువభాగం స్ఫటికం, అంటే మన పలుగురాయి జాతే.

రెండు అపోహలు వదులుకోవాలి. గాజును గీస్తే వజ్రమే అనడం మొదటిది. గాజు కాఠిన్యం సుమారు 5.5, స్ఫటికానిది 7, వజ్రానిది 10. కనుక స్ఫటికం కూడా గాజును గీస్తుంది. సుత్తితో కొట్టినా వజ్రం పగలదనడం రెండవది. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. వజ్రానికి నాలుగు దిశల్లో చీలే గుణం ఉంది. ఈ పరీక్షతో అసలు వజ్రమే ముక్కలు కావచ్చు.

రాయికి హాని లేని పరీక్ష తూకం. ముందు రాయిని తూచండి. తరువాత త్రాసుపై నీళ్ల గ్లాసు పెట్టి అంకె సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కనిపించే అంకెతో రాయి బరువును భాగించండి. రాయి 53 గ్రాములు, ముంచినప్పుడు అంకె 20 అయితే జవాబు 2.65. అది స్ఫటికం సాంద్రత. వజ్రానిది 3.5. పుష్యరాగానిదీ సుమారు అంతే కనుక, 3.5 వచ్చినా సంబరపడక నిపుణులకు చూపించాలి. చిన్న రాయికి వంటింటి త్రాసు చాలదు, నగల దుకాణం త్రాసు కావాలి.

ఇంకొక్క మాట. రాయి దొరికిన చోటు, తేదీ కాగితంపై రాసి దానితోపాటే ఉంచండి. అంచులు అరిగి నునుపుగా ఉంటే అది ఎగువనుంచి కొట్టుకొచ్చినదని అర్థం. చోటు తెలియని రాయిని చూసి నిపుణుడైనా సగమే చెప్పగలడు.

రాయి ఏదో తేలేవరకు పగలగొట్టవద్దు, ఎవరి మాటో నమ్మి అమ్మవద్దు. వజ్రం కాకపోయినా మనవడికి ఒక పూట పాఠం చెప్పిన తృప్తి మీకు మిగులుతుంది.