వదంతియు విశ్వాసమును
(ఒక పఠనమందిర సభలో నొసగిన యుపన్యాసము)



2018వ సంవత్సరము జూలై 1వ తేదీన మహారాష్ట్రమందలి ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామములో నైదుగురు మనుష్యులను జనసమూహము కొట్టి చంపెను. వారు భిక్షాటనమున బ్రదుకు సంచారజాతివారు. ఏ పాపము నెఱుగనివారు. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో వ్యాపించిన వదంతియే వారి పాలిటి మృత్యువయ్యెను. ఆ దినములలో పలు రాష్ట్రములలో దిరిగిన యొక వీడియోలో, మోటారుసైకిలుపై వచ్చినవారు పిల్లవాని నెత్తుకొనిపోవుదురు. అది కరాచీలో పిల్లల సంరక్షణకై తీసిన ప్రబోధచిత్రము. పిల్లవానిని దిరిగి యప్పగించెడి తుదిభాగమును గత్తిరించి యెవ్వరో పంపిరి. చెవితో విన్నదానిని శంకించువారు సైతము కంటితో జూచినదానిని నమ్మిరి.

ఈ నేరము యంత్రముదని కొందఱందురు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2006 మొదలు 2017 వఱకు ట్విట్టరులో వ్యాపించిన సుమారు 1,26,000 వార్తలను పరీక్షించి, 2018లో ఫలితములను బ్రకటించిరి. నిజముకంటె నబద్ధము ఇతరులకు బంపబడుటకు నూటికి 70 వంతు లధికావకాశము గలదని తేలినది. మనుష్యులవలె నటించు యంత్రఖాతాలు నిజమును, అబద్ధమును ఇంచుమించు సమానముగనే వ్యాపింపజేసెను. భేదమునకు గారణము మనుష్యులే. వింతవార్తను ముందుగా జెప్పవలెనను మన యాత్రమే యబద్ధమునకు వాహనము.

ఐనచో బ్రభుత్వమే సత్యాసత్యములను నిర్ణయింపరాదా? 2023లో కేంద్రప్రభుత్వము, తన వ్యవహారములను గూర్చిన వార్తలలో నేది యసత్యమో తేల్చు నధికారమును దన శాఖకే యిచ్చు నిబంధన చేసెను. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ప్రతివాదియే న్యాయాధిపతి యైనచో నా తీర్పును బ్రజలు నమ్ముదురా? విశ్వాసము ఉత్తరువులతో బుట్టదు.

మఱి యెట్లు పుట్టును? 2018లోనే తెలంగాణములోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరిగారు దారి చూపిరి. వారు పోలీసులను గ్రామగ్రామమునకు బంపి ప్రజలతో ముఖాముఖి మాటలాడించిరి. డప్పులు మ్రోగించి, పాటలు పాడించి, ఆ వార్తలు కల్లలని చాటించిరి. ఆ జిల్లాలలో నీ వదంతుల కొక్కప్రాణమును బలికాలేదు. ముక్కు మొగము దెలియని సందేశముకంటె, ఎదుట నిలిచి తన మాటకు బాధ్యుడగు మనుష్యుని జనులు నమ్మిరి.

కావున నీ పఠనమందిరమున కొక విన్నపము. వాకిట నొక నల్లబల్ల నుంచుడు. ఎవరైనను అనుమానాస్పదమగు సందేశమును దెచ్చినచో, దానిని మొదట నెవరు, ఎప్పుడు, ఎచ్చట జెప్పిరో వెదకి, తేలినదానిని వ్రాసి క్రింద సంతకము చేయుడు. తేలనిచో దేలలేదని వ్రాయుడు. పొరబడినచో దిద్ది, దిద్దితిమని చెప్పుడు. అబద్ధమును బదిమందికి బంపినవాడు ఆ పదిమందికే తన తప్పు దెలుపుట సిగ్గుగాదు. నేడు పంటధర మొదలు పరీక్షాఫలితము వఱకు నంతర్జాలమున వచ్చుచున్నది. దానిని విడిచి బ్రదుకలేము. అందు నమ్మదగిన మాట యుండవలెనన్న, మనము పంపు మాట మొదట నమ్మదగినదై యుండవలెను.

మొదటివారము సుద్దముక్క నేను బట్టెదను. రెండవవారమున కెవరు వత్తురో యీ సభలోనే చెప్పుడు.