అంటు అనే మాటకు అర్థం ఎవరు చెప్పాలి?

(ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. ఆ మాట 'అంటు'. పిల్లలకు దీని అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, వాడ నుంచి బడికొచ్చి పంతుళ్ళమైన మాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. నిఘంటువు మాత్రం 'తాకు' అని తేలిగ్గా చెప్పేస్తుంది.

ముందు తోటలోకి పోదాం. టెంక నుంచి మొలిచిన నాటు మామిడి మొక్కకు బంగినపల్లి కొమ్మను చేర్చి గట్టిగా కడతారు. కోతకు కోత తాకి, కొన్నాళ్ళకు రెండూ అతుక్కుని ఒకే చెట్టవుతాయి. అదే అంటు మామిడి. అక్కడ అంటు అంటే కలయిక. పండు తినేవాడెవడూ వేరుది ఏ పుట్టుక అని అడగడు.

ఆసుపత్రిలో అంటు అంటే రోగం. అంటువ్యాధి క్రిమికి ఊరూ తెలీదు, వాడా తెలీదు.

వంటింట్లో అంట్లు. తినేది ఒకరు, తోమేది ఇంకొకరు. ఎంగిలి చేసిన చేతికి లేని అంటు, తోమిన చేతికి అంటుతుందట! ఆడవాళ్ళకు మూడు రోజులు అంటు, చావింటికి పదో పదకొండో రోజులు అంటు. అదీ అన్యాయమే గానీ దానికొక గడువుంది, నీళ్ళు పోసుకుంటే పోతుంది. మనకు అంటగట్టిన అంటుకు గడువే లేదు. చాలా ఊళ్ళల్లో శ్మశానం కూడా వేరే.

వ్యాకరణం చెప్పేవాళ్ళం గనక అడుగుతున్నాం. తాకడానికి ఇద్దరు కావాలి గదా! తాకనన్నది ఒకడైతే, 'అంటరానివాడు' అనే పేరు ఇంకొకడికి ఎట్లా పడింది? తాకనన్నవాడికి మన భాషలో పేరేది?

ఆ పేరు పెట్టింది చట్టం. అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని రాజ్యాంగ సభ 1948 నవంబరు 29న ఆమోదించింది. అదే నేటి 17వ అధికరణం. 1955 చట్టం దాన్ని పాటించేవాణ్ణి నేరస్తుడంది. ఆ మాటకు రాజ్యాంగం నిర్వచనం ఇవ్వలేదు. అందుకే అది కొత్త వేషాల్లో వచ్చినా పట్టుకోవచ్చు. జైళ్ళలో కులాన్ని బట్టి ఊడ్చే పనీ, వంట పనీ పంచే నిబంధనలను 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టేసింది. చెప్పిన కారణాల్లో 17వ అధికరణం కూడా ఉంది.

మశూచి అనే అంటురోగం ప్రపంచం నుంచే పోయిందని 1980లో ప్రకటించారు. 1950లోనే రాజ్యాంగం రద్దు చేసిన ఈ రోగం మాత్రం పోలేదు. మశూచి దానంతటదే పోలేదు. ఇల్లిల్లూ తిరిగి, రోగం ఎక్కడుందో వెతికి టీకాలేశారు. మనమూ అట్లాగే వెతకాలి. మధ్యాహ్న భోజనం వరుసలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదో చూడండి. మంచినీళ్ళు ఎవరు ముంచుతున్నారో, బడి ఎవరు ఊడుస్తున్నారో చూడండి. చూసినదాన్ని రాసిపెట్టండి, అడగండి, అవసరమైతే ఫిర్యాదు చేయండి. అంటు అంటే ఏమిటని పిల్లలు అడిగితే మొదట మామిడి చెట్టునే చూపించండి. మిగతా అర్థాలు ఎవరు కల్పించారో కూడా దాచకుండా చెప్పండి.

జై భీమ్!