పథ్యము - పర్యవేక్షణము



లంఖణము పరమౌషధమని పెద్దలనుడి. జ్వరము తగిలినపుడు ఒకపూట లంఖణముండుట వేరు. స్థూలకాయము తగ్గుటకై వారములతరబడి అత్యల్పాహారముపై నుండుట వేరు. మొదటిది ఇంటిలో సాగును. రెండవది వైద్యుడు కనిపెట్టి యుండగానే సాగవలెను.

ఢిల్లీ కొలువులలో కూర్చుండి చేయు పని మెండు, నడక కొంచెము. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్తపడవలెనని 2009లో భారతీయ వైద్యనిపుణులు హెచ్చరించిరి. అట్టివారందరికిని కఠినపథ్యము అక్కరలేదు. బరువు మిక్కిలి హెచ్చి, దానివలన రోగములు ముసురుకొన్నవారికే వైద్యులు దానిని విధింతురు.

దినమునకు 800 కేలరీలకు మించని ఆహారమును అత్యల్ప కేలరీల పథ్యమందురు. ఇది పస్తు కాదు. మాంసకృత్తులు, లవణములు, విటమినులు తగుపాళ్ళలో కూర్చిన ఆహారము. దీనికి సమీపమైన పథ్యమును, అనగా 825 నుండి 853 కేలరీల ఆహారమును, బ్రిటనులో 149 మంది మధుమేహరోగులకు 3 మొదలు 5 నెలలపాటు విధించి పరీక్షించిరి. 2017లో వెలువడిన ఫలితములనుబట్టి, ఏడాది గడచునప్పటికి 68 మందికి మధుమేహపు మందులు లేకయే చక్కెర అదుపులో నుండెను. రెండేండ్లకు ఆ సంఖ్య 53. అచ్చట మధుమేహపు మాత్రలను, రక్తపుపోటు మాత్రలను మొదటిదినముననే వైద్యులు మాన్పించిరి. పాత మోతాదులతోనే ఆహారము తగ్గించినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. లేచి నిలువగనే తల తిరుగవచ్చును.

అమెరికాలో 1977-78 ప్రాంతమున ద్రవరూప మాంసకృత్తుల పథ్యము ప్రబలెను. పశువుల చర్మములనుండి తీసిన ఆ పానీయములో సారము తక్కువ, లవణములు చాలవు. గుండెలయ తప్పి పెక్కురు మరణించిరి. వారిలో కొందరు వైద్యుల యెరుకలోనివారే! కనుక పేరునకు పర్యవేక్షణము చాలదు. రక్తమును, గుండెను తరచు పరీక్షింపవలెను.

పథ్యము విడుచునపుడును జాగ్రత్త వలయును. ఆకలికి అలవడిన శరీరమునకు ఒక్కసారిగా నిండుభోజనము పెట్టినచో రక్తములోని భాస్వరము తగ్గి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆ భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలసి హార్వర్డులో వెలయించినవారు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే!

గర్భవతులు, పాలిచ్చు తల్లులు, పిల్లలు ఈ పథ్యము జోలికి పోరాదు. తక్కినవారు అంగడిలో పొడిడబ్బా కొనకముందే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు వైద్యుని దర్శింపవలెను. 1954లో ఈ నగరముననే ఆరంభమైన పథకమది. పోవునపుడు వాడుచున్న మందుల చీటీని వెంట తీసికొనిపోవుట మరువరాదు.