పైథాన్ భాష: పుట్టుక, పెంపు

గణనయంత్రమునకు పని చెప్పుటకు మనుష్యుడు ప్రత్యేకభాషలను కల్పించుకొనెను. వానిలో నేడు మిక్కిలి ప్రచారమందున్నది పైథాన్. ఆమ్‌స్టర్‌డామ్ నగరపు గణితసంస్థలో పనిచేయుచుండిన గైడో వాన్ రోసమ్, 1989 క్రిస్మసు సెలవులలో దీని నారంభించి, 1991లో లోకమునకు వెల లేకయే అందించెను. పేరు కొండచిలువది కాదు, బి.బి.సి. హాస్యప్రదర్శన ‘మాంటీ పైథాన్’ది.

ఒకరు వ్రాసిన ఆజ్ఞలను వేరొకరు సులభముగా చదువగలుగవలెనని ఆయన ఆశయము. అయినను తొలిరూపములలో ఒక లోపముండెను: ఆంగ్లేతర లిపులకు సమానస్థానము లేదు. 2008లో వెలువడిన మూడవరూపము దానిని దిద్దెను. మన తెలుగక్షరములకును పీట దొరకెను. కాని పాత ఆజ్ఞలు పెక్కు క్రొత్తరూపమున నడువవయ్యెను. అందుచే రెండవరూపమును 2020 వరకు పోషింపవలసివచ్చెను.

ఒక తప్పు దిద్దుకొనుటకు పండ్రెండేండ్లు! మార్పు లేక భాష బ్రతుకదు. ఆ మార్పునకు మూల్యము చెల్లించువారు మాత్రము దానిని వాడువారే.