అరెస్టయిన తొలి రాత్రి ఎవరి తలుపు తట్టాలి?

(ఆత్మకూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో లారీ, ఆటో నడిపి బ్రతికేవారు చాలామంది. రాత్రి పది దాటాక స్టేషను నుండి ఫోను వస్తే మనం మొదట ఏమి చేస్తాము? న్యాయవాదిని పిలవము. పోలీసులకు తెలిసిన పైరవీకారు కోసం వెదుకుతాము. అతడు అడిగినంత చేతిలో పెడతాము. ఏ సెక్షను పెట్టారో తెలియదు, ఎఫ్‌ఐఆర్ ప్రతి చేతికి రాదు.

2020 నవంబరు 3న పాణ్యం వద్ద నంద్యాల ఆటోడ్రైవరు ఒకరు భార్యతో, ఇద్దరు పిల్లలతో రైలు క్రింద పడి ప్రాణాలు తీసుకున్నారు. దొంగతనంతో తనకు సంబంధం లేదని, పోలీసుల వేధింపులు భరించలేకపోతున్నామని వీడియోలో చెప్పి వెళ్ళారు. ఆ తరువాత ఊరూరా నిరసనలు జరిగాయి, పోలీసులపై కేసు నమోదైంది. అంతకుముందు ఆ ఇంటి తలుపు తట్టినవారెవరన్న ప్రశ్న మనల్ని ఇంకా వదలలేదు.

హుస్సేనారా ఖాతూన్ పేరు మన ఆడపిల్లలు సైతం తెలుసుకోవాలి. బీహారు జైళ్ళలో, శిక్ష పడినా అంతకాలం ఉండనక్కరలేని విచారణ ఖైదీలు ఏళ్ళ తరబడి మగ్గుతున్నారని ఒక దినపత్రిక వ్రాసింది. న్యాయవాది కపిలా హింగోరాణి ఆ వ్యాసాలను ఆధారం చేసుకొని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పేద నిందితునికి ఉచిత న్యాయసహాయం రాజ్యాంగం 21వ అధికరణంలోనే ఇమిడి ఉన్నదని 1979లో కోర్టు తేల్చింది. నిందితుడు అడగలేదన్న నెపంతో దానిని నిరాకరించరాదని 1986లో సుక్ దాస్ కేసులో చెప్పింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షనులో స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఉన్నారు. మైనారిటీలు ప్రత్యేకంగా లేరు. ఇది లోటే, దీనికై అడుగుతూనే ఉండాలి. అయితే కస్టడీలో ఉన్న ఏ మనిషైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆ సెక్షను క్రిందకు వస్తాడు. 15100 నంబరుకు ఫోను చేసినా, నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టినా చాలును. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు "నాకు వకీలు లేడు" అని నోరు తెరచి చెప్పడం నేర్పండి.

2024 జూలై 1 నుండి కొత్త నేర ప్రక్రియా చట్టం అమలులో ఉన్నది. అరెస్టుకు కారణం చెప్పాలి, బంధువుకు కబురు చేయాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. విచారణ నడుస్తుండగా, అంతసేపూ కాకపోయినా, న్యాయవాదిని కలిసే హక్కున్నది. 60 రోజులలో, పదేళ్ళు అంతకు మించిన శిక్ష పడే నేరాలలో 90 రోజులలో ఛార్జిషీటు రాకపోతే బెయిలు హక్కవుతుంది. కానీ ఛార్జిషీటు దాఖలు కాకముందే దరఖాస్తు వేయాలి. ఈ లెక్క పెట్టేవాడు లేకనే మన పిల్లలు లోపల మిగిలిపోతున్నారు.

ఇక చెప్పడానికి మొగమాటపడే సంగతి. మన పిల్లవాడు త్రాగి బండి నడిపి పట్టుబడితే ఇల్లంతా సిగ్గుతో తలుపులు వేసుకుంటుంది. త్రాగడం తప్పే, మసీదులో అది చెప్పవలసినదే. కేసు వేరు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షను క్రింద అరెస్టు చేస్తే రెండు గంటలలో వైద్యపరీక్ష జరపాలి, లేకుంటే విడుదల చేయాలి. ఎదుటివారికి గాయమైనా, ప్రాణం పోయినా అది మరో కేసు. అప్పుడు జరిమానా కట్టి బయటపడదామని తొందరపడి నేరం ఒప్పుకుంటే లైసెన్సుకు, అంటే ఇంటి కూటికే, ముప్పు. వకీలుతో మాట్లాడక నోట మాట రానీయకండి, ఖాళీ కాగితంపై సంతకం పెట్టనీయకండి.

ఆత్మకూరు, ఉదయగిరి కోర్టులలో పనిచేసే న్యాయవాదులలో రాత్రిపూట ఫోను ఎత్తేవారి పేర్లు వ్రాసి ప్రతి మసీదు గోడపై అంటించవలసిందిగా జమాఅత్ పెద్దలను కోరుతున్నాము. లా చదువుతున్న మన పిల్లలు ఆ పట్టికను ఈ శుక్రవారంలోగా తయారుచేయగలరు.