బాలసదనము ఇల్లు కాగలదా?

తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డను అమ్మమ్మయో, మేనమామయో, పెదతండ్రియో చేరదీయుట మన పల్లెలలో నేటికిని కానవచ్చు ఆచారమే. కాని ఆ చేయూత అందని బిడ్డలును ఉన్నారు. రైలు స్టేషనులలో ఒంటరిగా దొరకినవారు, వెట్టిపనినుండి విడిపింపబడినవారు, పసితనపు పెండ్లి తప్పించుకొని వచ్చినవారు, కన్నవారు బ్రదికియుండియు సాకలేని స్థితిలో నున్నవారు ఇట్టివారే. వీరి భారమును చట్టరీత్యా ప్రభుత్వమే వహింపవలెను. అది ఎట్లు వహించుచున్నది, అందు మన పాలు ఎంత అనునదియే నేటి మా ప్రసంగవిషయము.

ఈ ఆలోచన మనకు క్రొత్తది కాదు. మద్రాసు రాజధానిలో 1920 నాడే బాలల చట్టము వెలసినది. స్వాతంత్ర్యానంతరము పార్లమెంటు 1986లోను, 2000లోను, మరల 2015లోను బాలల న్యాయచట్టములు చేసినది. ఈ కడపటి చట్టము 2016 జనవరి 15నుండి అమలులో నున్నది, 2021లో సవరింపబడినది.

దిక్కులేని బిడ్డ దొరకిన 24 గంటలలోపల, ప్రయాణకాలమును మినహాయించి, బాలల సంక్షేమ సమితి యెదుట హాజరుపరచవలెను. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల ఈ సమితిలో ఒక మహిళయైన ఉండితీరవలెను. సమితి బిడ్డ కథ వినును. ఇంటి పరిస్థితులను విచారింపజేయును. పిదప ఆ బిడ్డ ఎచట పెరుగవలెనో నిర్ణయించును. ఇచ్చట శ్రోతలు ఒక మాట గుర్తింపవలెను. బిడ్డను సంస్థలో నుంచుట కడపటి ఉపాయమే యని చట్టము చెప్పుచున్నది. మొదట కన్నవారి యిల్లు. అది కానిచో బంధువుల యిల్లు. దత్తతయో, పెంపుడు కుటుంబమో. ఇవేవియు కుదురనప్పుడే సదనము.

మన తెలుగునాట ప్రభుత్వపు బాలసదనములును, ఆరేండ్లలోపు పసివారికి శిశుగృహములును ఉన్నవి. ప్రభుత్వ ధనసహాయముతో స్వచ్ఛంద సంస్థలు నడపునవియు కలవు. వీటికి కావలసిన ధనము మిషన్ వాత్సల్య పథకము క్రింద వచ్చును. సాధారణముగా కేంద్రము నూటికి 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించును. అన్నము, వస్త్రము, చదువు, వైద్యము వీటితో సమకూరవలెను. కాని బిడ్డకు కావలసినది ఇంతటితో ముగియునా?

ఇంటిలో బిడ్డ ఏడ్చినచో ఎవరు వత్తురో ఆ బిడ్డకు తెలియును. పెద్ద సదనములో ఉదయమొక ఆయమ్మ, రాత్రి వేరొక ఆయమ్మ. ఆమె ఎంత దయగలదైనను, ఆమె చేతులు రెండే. చూడవలసిన ముఖములు అనేకము. ఈ కొరత ఎంత లోతైనదో రుమేనియా దేశమున జరిగిన పరిశోధన ఒకటి వెల్లడించినది. బుకారెస్టు నగరమున సంస్థలలో పెరుగుచున్న 136 మంది పసివారిని తీసికొని, చీట్లు వేసినట్లుగా విభజించి, కొందరిని పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. 2007లో ఫలితములు ప్రకటింపబడినవి. కుటుంబములకు చేరినవారి బుద్ధివికాసము సంస్థలలో మిగిలినవారికంటె మెరుగుగా నుండెను. రెండేండ్లు నిండకమునుపే చేరినవారికి మేలు మరింత హెచ్చుగా కలిగెను. అన్నము బిడ్డను బ్రదికించును. ఒకరు తనవారను నమ్మకము బిడ్డను పెంచును.

అట్లని సదనములన్నియు మూసివేయుట పరిష్కారము కాదు. ఇల్లే ప్రమాదమైన బిడ్డకు సదనమే రక్ష. తోబుట్టువులు విడిపోకుండ కలిసి పెరుగుటకును ఒక్కొక్కప్పుడు అదియే త్రోవ. కావలసినది సదనమును ఇంటికి దగ్గరగా తెచ్చుట. ఒక పెద్ద హాలునకు బదులు కొలదిమంది పిల్లలు కలిసియుండు చిన్న గృహము, మారుచుండని సంరక్షకురాలు, తనదని చెప్పుకొనుటకు ఒక పెట్టె, తన కొలతకు కుట్టిన బట్టలు, ఊరి బడిలో ఊరి పిల్లలతోపాటు చదువు. ప్రతి బిడ్డకును ప్రత్యేకముగా సంరక్షణ ప్రణాళిక వ్రాయవలెననియు, ఆరేండ్లు దాటిన పిల్లలున్న సదనములో పిల్లల సమితి ఏర్పరుపవలెననియు, మూడు నెలల కొకసారియైన తనిఖీ జరుగవలెననియు చట్టమున నున్నది. ఈ మూడును కాగితము దాటి నడచినచోట, గోడలు మారకున్నను బ్రదుకు మారును.

మరియొక చిక్కు పదునెనిమిదవయేట వచ్చును. మన యిండ్లలో ఆ యీడు బిడ్డను మనము ఇంకను పసివానిగనే చూతుము. సదనములోని బిడ్డ ఆనాడే మూట కట్టుకొనవలసివచ్చును. 21 ఏండ్లవరకు ఆ పిమ్మట సంరక్షణ కల్పించుటకు చట్టము వీలిచ్చినది. అద్దెకొక గది, నేర్చుకొనుట కొక పని, జ్వరము వచ్చినపుడు పిలుచుట కొక మనిషి: ఇవి లభింపనిచో అంతవరకు చేసిన వ్యయమును, శ్రమయును వృథాయగును.

ఇక మన పాలు. ఒంటరిగా దొరకిన బిడ్డనుగూర్చి 24 గంటలలో తెలుపుట ప్రతి వ్యక్తికిని చట్టము విధించిన బాధ్యత. 1098 అను సంఖ్యకు ఫోను చేసినచో చాలును. జాలిపడియైనను చట్టపు పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చి పుచ్చుకొనుట నేరము. మన వీథిలో ఏ అవ్వయైనను మనుమలను కష్టముమీద సాకుచున్నచో, అర్హులైన అట్టి బిడ్డలకు మిషన్ వాత్సల్య క్రింద నెలకు 4,000 రూపాయల సహాయము కలదని ఆమెకు చెప్పుట, దరఖాస్తు వ్రాసిపెట్టుట గొప్ప మేలు. ఆ యొక్క కాగితము ఒక బిడ్డ సదనమునకు పోవుటనే తప్పింపవచ్చును. పేదరికమొక్కటే కారణముగా బిడ్డ తల్లిని ఎడబాయరాదు.

పుట్టినరోజున మిఠాయిలు పంచి, ఛాయాచిత్రము తీయించుకొని వచ్చుటకంటె, వారమున కొకసారి పోయి లెక్కలు చెప్పుట మేలు. వత్తునన్న దినమున వచ్చు మనిషి ఆ బిడ్డలకు అరుదు. ఎప్పుడో ఒకప్పుడు వచ్చు పది మందికంటె, తప్పక వచ్చు ఒక్కరు వారికి ఎక్కువ.